మురుగు కాలువ గట్టున ఆరేళ్లు

2011 సార్వాకి, అంటే వానాకాలం వరికి, మా నాన్న నారు పోయలేదు. అప్పుడు నేను పదో తరగతి. జూలైలో బడికి వెళ్లే దారికి రెండు వైపులా పచ్చగా ఉండాల్సిన చేలు తుంగ పట్టి, నీళ్లు నిలిచి అలాగే పడి ఉన్నాయి. కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే ఆ కారు పంట వేయబోమని, ప్రకటించారని పేపర్లు రాశాయి. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాతో కమిటీ వేసింది. సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలే ఉండటం, కూలి ఖర్చు, ఎరువుల ఖర్చు, వీటి గురించి అందరూ మాట్లాడారు. మా నాన్న మాత్రం ఇంట్లో ఒకటే మాట అనేవారు. "మురుగు లాగనప్పుడు నాట్లు ఎంత ఊడ్చినా ఏం లాభం? మళ్లీ ములిగిపోద్ది."

మాది ఉప్పలగుప్తం మండలంలో శివారు ఆయకట్టు. సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. ధవళేశ్వరం దగ్గర ఆపిన గోదావరి నీళ్లు లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోయి, ఊళ్లన్నీ తడుపుకుంటూ చివరికి మా చేల పక్క చిన్న కాలువలోకి, మా బోదెలోకి వస్తాయి. మంచినీళ్లు మాకు అందరికంటే ఆఖరున వస్తాయి, పై ఊళ్ల మురుగంతా మా మీదుగా సముద్రానికి పోతుంది. డ్రైను సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసిందంటే అదీ పోదు. వేసవిలో కాలువలు కట్టేశాక పోటు నీళ్లు డ్రైన్లోకి ఎదురొస్తాయి. అప్పుడు చేలో ఉప్పు తేలుతుంది. కొన్ని మడుల్లో తెల్లగా పిండి చల్లినట్టు ఉంటుంది.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేసి 2019లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టినప్పుడు నా దగ్గర ఉన్న ప్రశ్న ఇదొక్కటే. ఈ ఉప్పు ఏ నెలలో, ఏ చేలో, ఎంత తేలుతుంది? డ్రైను లాగితే ఎంత తగ్గుతుంది? మా నాన్న ఆ ఏడాది ఎందుకు ఊడ్వలేదో అంకెల్లో చెప్పాలని ఉండేది.

నాకు లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ వచ్చింది, అదే పరీక్షలో ఇంకా పై మార్కులు వచ్చినవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రాలేదు. ఈ రెండింటి మధ్య తేడా బయటివాళ్లకు అంతగా తెలియదు. జేఆర్ఎఫ్ వస్తే అప్పట్లో నెలకు 31,000, రెండేళ్ల తర్వాత 35,000. 2023 జనవరి నుంచి అవి 37,000, 42,000 అయ్యాయి. మొత్తం ఐదేళ్ల వరకు వస్తుంది. ఆ డబ్బు మన పేరు మీద వస్తుంది కాబట్టి మన ప్రశ్న మన దగ్గరే ఉంటుంది. నాలాగా కొద్ది మార్కుల్లో అది తప్పిపోయినవాళ్లకు గైడ్ దగ్గర ఏ ప్రాజెక్టు ఉంటే అదే దిక్కు. ప్రాజెక్టు డబ్బుకు టాపిక్ ముందే రాసి ఉంటుంది.

మా మేడమ్ దగ్గర అప్పుడున్నది రొయ్యల మేత తయారు చేసే ఒక కంపెనీ ఇచ్చిన ప్రాజెక్టు. వనామీ రొయ్యల చెరువుల్లో మేత మోతాదును బట్టి నీళ్లు ఎలా మారుతున్నాయో చూడాలి. అమ్మోనియా, నైట్రైట్, కరిగిన ఆక్సిజన్, ఆల్కలినిటీ. వారానికోసారి ఆరు చెరువుల దగ్గర శాంపుళ్లు తీయాలి. నెలకు 16,000. నా ఉప్పు ప్రపోజల్ పక్కన పెట్టి మేడమ్ చాలా నెమ్మదిగా చెప్పారు. "నీ ఊరి ఉప్పు ఎక్కడికీ పోదమ్మా. ప్రాజెక్టు పోతుంది." ఆవిడ మీద నాకు కోపం రాలేదు. డిపార్ట్‌మెంట్‌కు బయటి ప్రాజెక్టులు ఎన్ని వచ్చాయో ప్రతి ఏడాదీ లెక్క చూపించాల్సింది ఆవిడే. నాకు జీతం లేకుండా పోతే బాధపడేది కూడా ఆవిడే.

ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పడమే కష్టమైంది. మా ఊళ్లో ఎవరిని అడిగినా ఉప్పు తెచ్చింది రొయ్యల చెరువులేనని అంటారు. నాన్న అందరికంటే గట్టిగా అంటారు. నేను వెళ్లి చెరువుల వాళ్ల డబ్బు తీసుకుంటున్నానని ఎలా చెప్పను? రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "జీతం ఇత్తారా?" అన్నారు. ఇస్తారన్నాను. "అయితే చెయ్యి. కొలవడం నేర్చుకో. ఎవరి నీళ్లయినా నీళ్లే."

ఇక్కడ ఒక్క సంగతి ఆగి చెప్పాలి. ప్రాజెక్టులో చేరేముందు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, ఒప్పందం కాగితం అడిగి మొత్తం చదవడం. చాలామంది స్కాలర్లు అది గైడ్‌కూ కంపెనీకీ మధ్య వ్యవహారం అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్నే, ఒక సీనియర్ అక్క చెప్పబట్టి అడిగాను. అందులో ఆరో పేజీలో, ప్రాజెక్టులో వచ్చిన డేటా కంపెనీదనీ, ఏది ప్రచురించాలన్నా ముందు వాళ్లకు చూపించి ఒప్పుకోలు తీసుకోవాలనీ ఉంది. అది చదివిన రోజే రెండు నోటు పుస్తకాలు కొన్నాను. నీలం అట్టది ప్రాజెక్టుకు, ఎర్ర అట్టది నాకు. ప్రాజెక్టు మీటరుతో ఎర్ర పుస్తకంలో ఒక్క రీడింగ్ కూడా రాయకూడదని నియమం పెట్టుకున్నాను. మొదటి మూడు జీతాల్లో దాచి, సొంతంగా ఒక ఈసీ మీటరు కొన్నాను. చేతిలో పట్టే చిన్నది. నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉంటే కరెంటు అంత తేలిగ్గా పారుతుంది, ఈసీ అంటే ఆ కొలతే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ల్యాబ్ మూసేశారు, చెరువుల దగ్గరికి వెళ్లడం ఆగిపోయింది. బ్యాగు సర్దుకుని ఊరికి వచ్చేశాను. మిగతా స్కాలర్లందరూ ఆ నెలల్ని పోగొట్టుకున్న కాలంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆరేళ్లలో పని బాగా జరిగింది అప్పుడే. ఎందుకంటే ఏప్రిల్, మే నెలలే ఉప్పు తేలే నెలలు. రెండో పంట దాళ్వా కోత అయిపోయి, కాలువలు కట్టేసి, నేల నెర్రెలు విడిచే రోజులు. కింద లోతు తక్కువలోనే ఉన్న ఉప్పునీరు, ఎండ తీవ్రతకు మట్టిలోని సన్నటి దారుల వెంట పైకి ఎక్కుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన ఉండిపోతుంది. జూన్లో కాలువ నీళ్లు వచ్చి చేలు నిండాక ఆ ఉప్పు కరిగి కిందికి దిగుతుంది. దిగినది డ్రైన్లోకి పోవాలి. డ్రైను నిండి ఉంటే పోదు, అక్కడక్కడే తిరుగుతుంది.

డ్రైను గట్టు నుంచి మొదలుపెట్టి బోదె వరకు ఇరవై నాలుగు పాయింట్లు పెట్టుకున్నాను. ఒక్కో చోట కర్ర పాతి నంబరు రాశాను. వారానికోసారి పొద్దున్నే వెళ్లి పై మట్టి కొంత, అడుగు లోతు మట్టి కొంత తీయడం, నీడలో ఆరబెట్టడం, దంచి జల్లెడ పట్టడం, ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్లు పోసి అరగంట కలపడం, తేటను కొలవడం. డిస్టిల్డ్ వాటర్‌కు అమలాపురంలో బ్యాటరీల కొట్టు దిక్కయింది. పోలీసులు ఆపితే మా బాబాయ్ మందుల చీటీతో వెళ్లి క్యాన్ తెచ్చేవాడు. వంటింట్లో గిన్నెలన్నీ మట్టి కొట్టుకుపోతున్నాయని అమ్మ గొడవ చేసేది.

ఒక పొద్దున పన్నెండో పాయింటు దగ్గర నాన్న వంగి చిటికెడు మట్టి తీసి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశారు. "ఇది మూడు" అన్నారు. ఏం మూడని అడిగాను. "తీపి మట్టి ఒకటి. రొయ్యల చెరువు గట్టు మట్టి ఐదు. ఇది మూడు." ఆయన చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తారట. ఆ వారం ఇరవై నాలుగు చోట్లా ఆయనతో రుచి చూపించి ముందే అంకెలు రాసుకున్నాను. తర్వాత మీటరుతో కొలిచాను. మూడు పాయింట్లలో తప్ప వరస ఒక్కటే వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేపరుగా రాయడానికి పనికొస్తుందనే ఆలోచన కూడా అప్పుడు రాలేదు. ఇన్నేళ్లూ ఈయన మాట ఎవరూ ఎందుకు రాసుకోలేదు అనే ఒక్కటే మనసులో తిరిగింది.

ల్యాబ్ తెరిచాక రెండు పుస్తకాల బతుకు మొదలైంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు నీలం పుస్తకం. శనివారం బస్సెక్కి ఊరికి, ఆదివారం ఎర్ర పుస్తకం, సోమవారం తెల్లవారుజామున తిరుగు బస్సు. చెప్పడానికి బాగానే ఉంటుంది. రెండేళ్లలో నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ఆరు నెలలకోసారి జరిగే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీలో నా ఉప్పు పని చూపించినప్పుడు ఒక సభ్యుడు "ఒక్క ఊరేనా? దీంట్లో కొత్తదనం ఏముంది?" అన్నారు. ఆ మాటకు బస్సులో ఏడ్చాను. వారం తర్వాత ఆలోచిస్తే, ఆయన అన్నదాంట్లో సగం నిజమే అనిపించింది. ఇరవై నాలుగు కర్రలతో పక్క ఊరి గురించి నేనేమీ చెప్పలేను.

అప్పుడే సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు నేర్చుకున్నాను. అవి ఉచితం, పది మీటర్ల వివరం వరకు కనిపిస్తుంది, సుమారు ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది. సార్వాలో మబ్బులే ఉంటాయి కానీ నాకు కావాల్సింది ఏప్రిల్, మే. అప్పుడు ఆకాశం తేటగా ఉంటుంది. నా కర్రల దగ్గరి రీడింగులతో ఆ బొమ్మల్ని సరిపోల్చి, చుట్టుపక్కల ఊళ్లకు కూడా ఉప్పు మ్యాపు గీయడానికి ప్రయత్నించాను. నిజం చెప్పాలంటే ఇది నేను కెరీర్ కోసం చేసిన పని. జర్నళ్లు తీసుకునేది ఇలాంటిదేనని తెలిసి చేశాను. చేస్తూ చేస్తూ ఇష్టం కలిగింది. నాన్నకు ల్యాప్‌టాప్‌లో మా చేను చూపిస్తే కళ్లజోడు సరిచేసుకుని, "ఆ మూల తెల్లగా ఉందే, అక్కడే 96 తుపానుకి గట్టు తెగింది" అన్నారు. 1996 నవంబరు 6 రాత్రి సంగతి అది. నేనప్పటికి పుట్టలేదు.

పేపర్ల సంగతి కూడా చెప్పాలి. నేను చేరినప్పుడు అమల్లో ఉన్న యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు కనీసం ఒక పేపరు అచ్చవ్వాలి, రెండు సెమినార్లలో ప్రెజెంట్ చేయాలి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ షరతు లేదు. అయినా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పేపర్లు లెక్కపెడుతూనే ఉన్నారు. డబ్బు కడితే పది రోజుల్లో వేసే జర్నళ్ల నుంచి నాకు రోజూ మెయిళ్లు వచ్చేవి. తోటివాళ్లు కొందరు వేయించుకున్నారు. నాకు ఒకసారి చేయి అక్కడి దాకా వెళ్లింది, ఫీజు వివరాలు కూడా నింపాను. ఆ పేపర్లో నాన్న రుచి అంకెలున్నాయి. వాటిని అలాంటి చోట వేస్తే రేపు ఎవరూ నమ్మరు. పేజీ మూసేశాను. ఆ పేపరు ఒక మంచి జర్నల్లో రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది, రెండుసార్లు తిరిగొచ్చింది.

అన్నింటికంటే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది 2022 జూలై. గోదావరికి పెద్ద వరద. భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. లంకలన్నీ మునిగాయి. మా వైపు వాన నీళ్లకూ మురుగుకూ పోయే దారి లేక నారుమళ్లు కుళ్లిపోయాయి. వరద తీసేటప్పుడు ఉప్పు ఎంత కడుక్కుపోయిందో కొలవాలంటే ఆ మూడు వారాలే సమయం. సరిగ్గా అప్పుడే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వరదకు చెరువుల్లో నీళ్లు మారాయి కాబట్టి వారానికి రెండుసార్లు శాంపుళ్లు తీయమన్నారు. వాళ్లకు అది అవసరమే, తప్పు పట్టను. నేను జీతం తీసుకుంటున్నది దానికే. వెళ్లాను. ఎర్ర పుస్తకంలో జూలై 14 నుంచి ఆగస్టు 6 వరకు పేజీలు ఖాళీ. నాన్న రెండుసార్లు ఫోన్ చేసి, "నీళ్లు దిగిపోతన్నాయమ్మా, వత్తావా?" అన్నారు. మూడోసారి చేయలేదు.

అలాంటి వరద మళ్లీ ఎప్పుడొస్తుందో! ఇప్పుడైతే తమ్ముడికి మట్టి తీయడం నేర్పించి ఉండేదాన్ని. మట్టిని సంచిలో కట్టి తేదీ రాసి పెడితే చాలు, ఆరబెట్టి తర్వాత కొలుచుకోవచ్చు. ఆ చిన్న ఆలోచన అప్పుడు రాలేదు. జీతం ఇచ్చే పనికీ మనసున్న పనికీ మధ్య నలిగేటప్పుడు, ఇంకో మనిషి చేయి సాయం అడగొచ్చన్నదే మర్చిపోతాం.

2023 మొదట్లో మా కౌలు చేలల్లో రెండెకరాల యజమాని, ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, ఆ భూమిని చెరువుకు లీజుకిచ్చేశారు. వరి కౌలు కంటే చాలా ఎక్కువ వస్తుంది. ఆయన స్థానంలో ఉంటే మేమైనా ఇచ్చేవాళ్లమేమో. ప్రొక్లెయినర్లు వచ్చిన రోజు నేను యూనివర్సిటీలో ఉన్నాను. ఆదివారం వెళ్లేసరికి నా పాయింట్లలో ఏడు లేవు. నంబర్లు రాసిన కర్రల్ని నాన్న ఏరి, కట్ట కట్టి పశువుల పాకలో పెట్టారు. నీ ఊరి ఉప్పు ఎక్కడికీ పోదన్న మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వారం నుంచి నా శనివారాలు పూర్తిగా వదిలేశారు, శుక్రవారం మధ్యాహ్నమే బస్సెక్కమనేవారు.

ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో నీళ్లు డ్రైన్లోకి వదులుతారు. కల్వర్టు దగ్గర నా సొంత మీటరుతో కొలిస్తే ఆ రెండు మూడు రోజులూ ఈసీ బాగా పెరుగుతోంది. ఇది ఎర్ర పుస్తకంలోది, రోడ్డు పక్క కల్వర్టు దగ్గరిది, ప్రాజెక్టు మీటరు ముట్టలేదు. అయినా మేడమ్ భయపడ్డారు. ప్రాజెక్టు ఇంకా ఏడాది ఉంది, అందులో ఇద్దరు జూనియర్ల జీతాలున్నాయి. ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. చివరికి నేనే ఒక మెయిల్ రాశాను. ఒప్పందం చెరువు గట్ల లోపలి నీటికేనా, బయట డ్రైను కొలతలకు కూడా వర్తిస్తుందా అని మాత్రమే అడిగాను. చెరువు లోపలికే అని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. ఆ ఒక్క లైను నా థీసిస్‌లో నాలుగో అధ్యాయాన్ని కాపాడింది.

ఇంకో పక్క, నాన్నకు నచ్చని రీడింగులు కూడా ఉన్నాయి. నా పాయింట్లలో ఉప్పు అన్నిటికంటే ఎక్కువ తేలేవి చెరువుల పక్కవి కావు. డ్రైను గట్టు లోతట్టులో ఉన్నవి. పై దిక్కున ఒక్క చెరువు కూడా లేని చోట, అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎదురెక్కే చోట. చెరువులు తోడవుతున్న మాట నిజమే కానీ, మొగ పూడిపోవడమే మా చేలకు పెద్ద దెబ్బ. నాన్న ఒప్పుకోలేదు. "నువ్వు వాళ్ల జీతం తింటన్నావు గాబట్టి అలా అంటన్నావు" అనేశారు. ఆ మాట నన్ను కోసేసింది. రెండు వారాలు ఇంటికి వెళ్లలేదు. తర్వాత ఒక పౌర్ణమికి రాత్రి పదకొండింటికి ఆయన్ను కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లి, టార్చి వెలుగులో నీళ్లు ఎదురు పారుతుంటే గంటకోసారి మీటరు చూపించాను. మూడో గంటకు చుక్క నీళ్లు నోట్లో వేసుకుని ఉమ్మేసి, ఏమీ అనకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చారు.

ప్రాజెక్టు అయిపోయాక ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేరాను. గంటల లెక్కన డబ్బు, వేసవిలో క్లాసులు లేవు కాబట్టి అదీ లేదు. మామూలుగా అది శాపం. నా ఉప్పు నెలలు అవే కాబట్టి నాకు కలిసొచ్చింది. కిందటేడు అదే మేత కంపెనీ భీమవరంలో ఉద్యోగం ఇస్తామంది. నెలకు 45,000, వెంటనే చేరాలి, ఊళ్లకు తిరిగే పని. థీసిస్ ఇచ్చాక జూలైలో చేరతానని అడిగాను, కుదరదన్నారు. వద్దన్నాను. అమ్మ పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. తమ్ముడి ఫీజు నేను కడతానని ఇచ్చిన మాట తప్పాను, అది అప్పు తెచ్చి కట్టారు. ఈ ఖర్చు నా ఒక్కదానిదే అయితే ఇంత మోయాల్సి వచ్చేది కాదు. మా ఇంట్లో నలుగురం కడుతున్నాం.

పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువు అయిపోయింది. మహిళలకు ఇచ్చే రెండేళ్ల అదనపు సమయంలో ఉన్నాను. ప్రీ-సబ్మిషన్ సెమినార్ అయింది. మ్యాపులు తెలుగులో ఒక పేజీకి కుదించి నీటి సంఘం వాళ్లకూ ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసులోనూ ఇచ్చాను. తీసుకున్నారు. మొగ దగ్గర ఇసుక ఇంకా అలాగే ఉంది. చివరి అధ్యాయానికి ఈ వేసవి రీడింగులు కూడా కలుపుతానంటే మేడమ్ మొదట వద్దన్నారు, తర్వాత మే నెలాఖరు వరకు టైమిచ్చారు.

కాలువలు కట్టేసిన మొదటి ఆదివారం మట్టి సంచులు సర్దుకుని బయటికి వచ్చేసరికి నాన్న మట్టి తీసే ఆగర్ భుజాన వేసుకుని ముందే వెళ్లిపోయారు. పదిహేడు పాయింట్లు మిగిలాయి. పన్నెండో దాని దగ్గర ఆయన వంగి మట్టి తీసి నాలిక మీద పెట్టుకున్నారు. "నాలుగు" అన్నారు. నేనింకా మీటరు ఆన్ చేయలేదు. ఎర్ర పుస్తకం తెరిచి ముందు ఆయన అంకె రాసుకున్నాను.